ప్రైసింగ్ పని చేపట్టిన మేనకోడలికి

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో శాప్ (SAP, వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్) పెడుతున్నారనీ, అందులో బిల్లు ధరలు కట్టే ప్రైసింగ్ భాగం నీకే అప్పజెప్పారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సిస్టంలో చెయ్యి పెట్టే ముందు ఫ్యాక్టరీ పాత బిల్లు ఒకటి అడిగి తీసుకో. ఒక్కో లైను పక్కన అది ఏం డబ్బో రాయి: ధరా, తగ్గింపా, బాడుగా, పన్నా? శాప్‌లో బిల్లులోని ఒక్కో రకం డబ్బునూ కండిషన్ టైపు అంటారు. దాన్ని అమర్చే స్క్రీను వీ/06లో కండిషన్ క్లాస్ అనే గడి అడిగేది ఇదే, జవాబు ఒక ఇంగ్లీషు అక్షరం. ధర బీ, తగ్గింపైనా అదనపు వసూలైనా ఏ, పన్ను డీ. లారీ బాడుగకు వేరే క్లాసు కోసం వెతకొద్దు, అదీ ఏ లోకే వస్తుంది. అది బాడుగ అని చెప్పేది కండిషన్ కేటగిరీ అనే ఇంకో గడి.

లెక్క ఎట్లా కట్టాలన్నది ఆ తరవాతి మాట. క్యాలిక్యులేషన్ టైపులో శాతం ఏ, ఇంత అని ఖాయంగా వేసేది బీ, పరిమాణం సీ, స్థూల బరువు డీ. అక్షరాలు అవే, అర్థాలు వేరు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. క్లాసులో డీ పన్నైతే, ఇక్కడ డీ బరువు. డ్రమ్ములకు బాడుగ బరువు మీద మాట్లాడుకుని ఉంటే క్లాసు ఏ, లెక్క డీ.

క్లాసు తప్పితే మాత్రం బిల్లే తప్పుతుంది. ఒక ఐటెంకు రెండు ధరలు దొరికితే శాప్ వాటిని కలపదు. ప్రొసీజరులో, అంటే కండిషన్ టైపులను వరసగా పేర్చిన జాబితాలో, చివరిది నిలుస్తుంది, ముందుది ఇనాక్టివ్ అవుతుంది, లెక్కలోకి రాదు. ‘ఏ’ అక్షరం క్లాసుకు మాత్రం ఆ కాపలా లేదు. ధరను పొరపాటున అందులో పెట్టావో, అది అసలు ధర మీద కలిసిపోతుంది.

హెడర్ డిస్కౌంటు, అంటే ఆర్డరు మొత్తానికి ఇచ్చే తగ్గింపు, దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ఆర్డరులో మూడు ఐటెంలు, విలువలు 60,000, 30,000, 10,000 అనుకో. హెడరులో 1,000 రూపాయలు తగ్గించావు. ఆ కండిషన్ టైపుకు వీ/06లో గ్రూప్ కండిషన్ టిక్కు ఉంటే విలువను బట్టి 600, 300, 100గా పంచుతుంది. టిక్కు లేకపోతే ఒక్కో ఐటెంకూ 1,000 పోతుంది, మొత్తం 3,000! యజమాని అనుకున్నది ఏదో ముందే అడుగు.

చిత్తూరు నుంచి సరుకు తిరుపతికీ పోతుంది, సరిహద్దు దాటి చెన్నైకీ పోతుంది. తిరుపతికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, చెన్నైకి ఐజీఎస్టీ. కండిషన్ టైపులు వేరైనా అన్నీ డీ క్లాసే. రెండు ఊళ్లకూ టెస్ట్ ఆర్డర్లు వెయ్యి.

ఐటెం కండిషన్స్ ట్యాబులో అనాలిసిస్ నొక్కితే ముందే ఎక్కించి పెట్టిన ధర, తగ్గింపు, పన్ను రికార్డుల్లో ఏది దొరికిందో, ఏది దొరకలేదో కనిపిస్తుంది. ఆ స్క్రీనూ, నువ్వు చేత్తో కట్టిన లెక్కా రెండూ నాకు వాట్సాప్ చెయ్యి. రాత్రి అన్నాలు తిన్నాక ఫోన్లో కూర్చుని చూద్దాం.

మీ మామ
తిరుపతి