రోల్‌బ్యాక్ రాశాను కదా అని నిశ్చింతగా ఉండకు

చిరంజీవి మేనకోడలికి,

ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు. ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతులకు అప్పు మీద మేత ఇచ్చే దుకాణం లెక్కలకు నువ్వే జావా సర్వీసు రాస్తున్నావట. డేటాబేసు పనిని తనే చూసుకునే హైబర్నేట్ వద్దనుకుని, జావాలోని మామూలు దారి జేడీబీసీతోనే నేరుగా డేటాబేసుకు కలుపుతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అవి రైతుల బాకీలు తల్లీ.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. రైతు పేరును ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకు, విలువలకు ఖాళీలు వదిలి విడిగా నింపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడు. డబ్బుకు పైసల్లో తేడా తెచ్చే డబుల్ వద్దు, కచ్చితంగా లెక్కించే బిగ్‌డెసిమల్ పెట్టు. కనెక్షన్‌ను, పని అవగానే దానంతట అదే మూసేసే ట్రై-విత్-రిసోర్సెస్‌లోనే తెరువు. కనెక్షన్లను సిద్ధంగా ఉంచి అరువిచ్చే హికారీ పూల్‌లో మనం మార్చకపోతే ఉండేవి 10 కనెక్షన్లే. అన్నీ బయటే చిక్కుకుంటే తర్వాత అడిగినవాడికి 30 సెకన్ల తర్వాత ఎక్సెప్షనే (తప్పు జరిగిందన్న సంకేతం) మిగులుతుంది.

నా భయం వేరే. నేను పనిచేసిన ఒకచోట రైతు డబ్బు కడితే రెండు పనులు జరిగేవి: రశీదు పట్టికలో ఒక వరుస చేరడం, ఖాతాలో బాకీ తగ్గడం. ఒకరోజు విడవలూరు రైతు ఒకాయన రశీదు పట్టుకుని వచ్చాడు. రశీదు ఉంది, బాకీ మాత్రం తగ్గలేదు. కట్టిన డబ్బు మళ్లీ అడుగుతారేమోనని ఆయన పడిన కంగారు నాకిప్పటికీ గుర్తే. కోడ్ చూస్తే ఆటోకమిట్ (ప్రతి మార్పూ వెంటనే ఖాయమవడం) ఆపారు, అన్నీ ఒకేసారి ఖాయం చేసే కమిట్ ఉంది, తప్పితే వెనక్కి తీసే రోల్‌బ్యాక్ కూడా ఉంది. అందరూ సరిగ్గానే ఉందన్నారు. తీరా చూస్తే, రశీదు రాసే మెథడ్ పూల్ నుంచి తనకంటూ ఇంకో కనెక్షన్ తీసుకుంటోంది! కొత్త కనెక్షన్‌కు ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. రశీదు అక్కడికక్కడే ఖాయమైపోయింది. బాకీ తగ్గించే పని మధ్యలో విఫలమైతే రోల్‌బ్యాక్ దాన్ని మాత్రమే వెనక్కి తీసింది.

ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే పనుల కట్ట) ఉండేది కనెక్షన్‌లో, నీ మెథడ్‌లో కాదు. స్ప్రింగ్ లాంటి ఫ్రేమ్‌వర్కులు వాడితే ఒకే కనెక్షన్‌ను థ్రెడ్‌కు (నడుస్తున్న ఆ పనికి) కట్టి ఉంచుతాయి. నువ్వు అవేవీ పెట్టుకోలేదు కనుక ఆ పని నీదే. సర్వీసు పొరలో ఒక్కసారి కనెక్షన్ తీసుకుని, దాన్నే రెండు మెథడ్లకూ ఆర్గ్యుమెంట్‌గా అందించు. లోపలి మెథడ్లలో కనెక్షన్లు ఇచ్చే డేటాసోర్స్ పేరే కనిపించకూడదు. ఇంకొకటి: ట్రై-విత్-రిసోర్సెస్‌లో, తప్పును పట్టే క్యాచ్ నడిచే సరికే కనెక్షన్ మూసుకుపోతుంది. అందుకని రోల్‌బ్యాక్ కోసం లోపల మరో ట్రై రాయి.

"రాశానులే మామయ్యా" అని తోసేయకు. వాళ్లూ రాశారు. రెండు పనుల మధ్య కావాలనే ఒక ఎక్సెప్షన్ విసిరి, రెండు పట్టికలూ తెరిచి చూడు. దేనిలోనూ కొత్త వరుస, మారిన అంకె ఉండకూడదు. చిన్నప్పుడు కూడికల లెక్క కిందనుంచి పైకి మళ్లీ కూడి చూసుకునేదానివి. ఆ ఓపిక నీకుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, పక్కన కూర్చుని అన్ని మెథడ్లూ చూస్తాను. అప్పటిదాకా నిజమైన ఖాతాలు అందులోకి ఎక్కించవద్దు.

మామయ్య