ఉగాది దులుపుడు: హాల్లో పడ్డ గుట్టకి సమాధానం
అక్కా, ఉగాదికని అన్ని గదులూ ఒకేసారి మొదలెట్టి ఇప్పుడు హాల్లో కాలు పెట్టే చోటు లేదన్నారు కదా, మా ఇంట్లోనూ రెండేళ్లు ఇదే గోల. ముందు ఆ గుట్టంతా మంచం మీద పడేసి హాల్ ఒక్కటి పూర్తి చేసెయ్యండి, రాత్రి పడుకోవాలంటే గుట్ట సర్దక తప్పదు మరి 😄

ఏ గదైనా పైనుంచి కిందకే, అటక, బూజు, ఫ్యాను, చివర్లో నేల. ఫ్యాను రెక్కకి పాత దిండు గలీబు తొడిగి మెల్లగా లాగితే దుమ్మంతా అందులోనే పడుద్ది. వంటింటి డబ్బాల జిడ్డుకి వేడినీళ్లలో గిన్నెల సబ్బు, కాస్త వంటసోడా వేసి పది నిమిషాలు నానబెట్టండి, అల్యూమినియంవి మాత్రం వద్దు, నల్లబడతాయి. పట్టుచీరల మీద కలరా ఉండలు నేరుగా పెట్టకుండా గుడ్డలో మూటకట్టి బీరువా మూల పెట్టండి.

బాత్రూమ్‌లో యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి అస్సలు వాడొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రమాదం.

అటక మీద మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు ఉంటాయి చూడండి, నేనైతే మా అత్తగారు గుళ్లోంచి వచ్చేలోపు పాత సామాన్లవాడికి వేసేశా.