బెరా టెస్టు చేసే పని ‘మిషన్ నొక్కే పని’ కాదు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వాళ్ల అవ్వకు తల తిరుగుడు, చెవిలో హోరు ఉంటే తిరుపతిలో నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించి బెరా టెస్టు చేశారు. అది చూసినప్పటి నుంచి ఆ చదువే చదువుతానంటోంది. మిషన్ నొక్కే పనికి నాలుగేళ్ల చదువెందుకు? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: మిషన్ నొక్కడం వారంలో వచ్చేస్తుంది. నాలుగేళ్లు పట్టేది మిగతా పనికి. బెరాలో చెవిలోకి టక్‌టక్‌మని శబ్దం పంపితే, వినికిడి నరం నుంచి మెదడు కాండం దాకా పుట్టే కరెంటును వైర్లు అందుకుంటాయి. అది మైక్రోవోల్టు (వోల్టులో పది లక్షల వంతు) కంటే తక్కువే. అందుకే వెయ్యి, రెండు వేల సార్లు శబ్దం పంపి సగటు తీస్తారు. అప్పుడు పది మిల్లీసెకన్లలోపు వచ్చే చిన్న చిన్న అలలు తెర మీద కనబడతాయి.

ఒకసారి నేను బెరా చేసే గది మూలన కూర్చుని చూశాను. పది నెలల బిడ్డ. ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షల నిపుణురాలు, నుదుటి మీద జెల్ మెల్లగా రుద్ది, వైరు అంటించి, అది చర్మానికి సరిగ్గా అంటిందో లేదో చెప్పే అంకె చూసి, మళ్లీ తీసి రుద్దింది. చర్మం శుభ్రంగా లేకపోతే అలలు నమ్మదగ్గవి కావు. తల్లి పాలిచ్చి జోకొట్టే దాకా ముప్పావుగంట ఆగింది. బిడ్డ కదిలిన ప్రతిసారీ మళ్లీ మొదలు. ఆ ఓపిక మీ పాపకుందా అన్నదే అసలు ప్రశ్న.

అలలను చదవడం ఇంకా కష్టం. కొందరు పిల్లల్లో లోపలి చెవి బాగానే పనిచేస్తుంది, దాన్ని చూసే ఓఏఈ టెస్టు పాసవుతారు. బెరాలో మాత్రం అలలే రావు. అది నరం దగ్గరి లోపం. ఒక్క ఓఏఈతో సరిపెడితే బిడ్డకు బాగా వినిపిస్తోందనుకుని ఇంటికి పంపేస్తారు! అవ్వకున్నట్టు తల తిరుగుడు, హోరు ఉంటే లోపలి చెవిలో ద్రవం పెరిగే మెనియర్స్ అనే జబ్బును కూడా అనుమానిస్తారు. దానికి కర్ణభేరి దగ్గర ఎలక్ట్రోడ్ పెట్టి చేసే ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ ఉంది. అందులో లోపలి చెవి ఇచ్చే అల, నరం ఇచ్చే అలతో పోలిస్తే పెద్దదైతే అక్కడ ద్రవం పెరిగిందన్న అనుమానం బలపడుతుంది. అయితే జబ్బు ఉన్నా రిపోర్టు మామూలుగా రావచ్చు. అందుకే దీన్ని వినికిడి ఎంతుందో చూపే ఆడియోగ్రామ్‌తో, అవ్వ చెప్పిన బాధతో కలిపి చూస్తారు. నిర్ధారణ ఈఎన్‌టీ డాక్టరుదే. కానీ ఆయన చేతికొచ్చే రిపోర్టు మీ పాప రాసేది.

చదువు పేరు బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ, క్లుప్తంగా బీఏఎస్‌ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. బైపీసీ సరిపోతుంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరున్నది. ఏ కాలేజీ అయినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. చదువయ్యాక ఆ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు కుదరదు. ఈ కోర్సులో మాట, భాష సమస్యలు కూడా చదవాలి, ఆ సంగతి పాపకు ముందే చెప్పండి. చెవి పరీక్షల్లోనే నిలవాలనుకుంటే పీజీలో ఆడియాలజీ తీసుకోవచ్చు.

ముందుగా పాపను తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈఎన్‌టీ విభాగంలో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఒక పూట ఆ పని దగ్గర కూర్చోనివ్వండి. చంటిబిడ్డ ఏడుస్తుంటే అక్కడ తన ముఖం ఎలా ఉందో మీరే చూడండి.