‘ఐడీ ఉందిగా’ అన్న జవాబు ఎక్కడ తప్పింది?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. మధురవాడలో ఒక ఇంటర్వ్యూలో మార్కుల టేబుల్ చూపించి, ఫలితాల్లో వరస నంబర్లు వచ్చేలా క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాయమన్నారు. ‘ఐడీ కాలమ్ ఉందిగా’ అన్నాను. అక్కడితో పంపేశారు. ఆ క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ నాకు రాదేమోనని భయంగా ఉంది. హైదరాబాద్ వెళ్లి కోర్సు చేయమంటారా?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: వద్దమ్మా. మీరు తడబడింది ఒక్కచోటే. దానికి హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు కట్టక్కర్లేదు.

ఐడీ మీ హాల్‌టికెట్ నంబరు లాంటిది. టేబుల్‌లో చేరినప్పుడు పడుతుంది, ఇక మారదు. 5వ నంబరు విద్యార్థిని తొలగిస్తే 4 తర్వాత 6 వస్తుంది. వాళ్లడిగిన వరస నంబరు టేబుల్‌లో ఉండదు. మీరు ఏ క్రమంలో చూడాలనుకుంటే దాన్నిబట్టి అప్పటికప్పుడు పుడుతుంది. టేబుల్‌లోని వరసలకు సొంత క్రమం అంటూ ఏదీ లేదు మరి. ‘ఏ క్రమంలో సర్?’ అని మీరు తిరిగి అడిగి ఉంటే సగం జవాబు చెప్పినట్టే.

మార్కుల ప్రకారం అంటే ‘రో_నంబర్() ఓవర్ (ఆర్డర్ బై మార్క్స్ డెస్క్)’. ఆర్డర్ బై క్రమం చెబుతుంది, డెస్క్ అంటే ఎక్కువ నుంచి తక్కువకు. ఆ వెంటనే సమాన మార్కుల సంగతి అడుగుతారు. నలుగురికి 92, 88, 88, 85 వచ్చాయనుకోండి. రో_నంబర్ 1, 2, 3, 4 ఇస్తుంది. ర్యాంక్ అయితే 1, 2, 2, 4. డెన్స్_ర్యాంక్ అయితే 1, 2, 2, 3. రో_నంబర్‌తో ఆ ఇద్దరిలో 2 ఎవరికి పడుతుందో చెప్పలేం, ఈసారి ఒకరికి, రేపు ఇంకొకరికి పడొచ్చు. అందుకే ఆర్డర్ బై చివర హాల్‌టికెట్ నంబరు కూడా చేర్చండి. ఈ ఒక్కమాట అడక్కుండానే చెప్పే అభ్యర్థిని నేనైతే వదులుకోను.

పాత నోట్సు చూసి చదవకండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఈ రో_నంబర్ సౌకర్యం 2018లో 8.0 వెర్షన్‌తోనే వచ్చింది, అంతకుముందు వేరియబుల్ పెంచుకుంటూ నంబర్లు వేసేవారు. ఒరాకిల్ డేటాబేస్‌లో నంబర్లు వేసే రోనమ్‌తో ఇంకో చిక్కుంది. అదే క్వెరీలో ఆర్డర్ బై జరగకముందే నంబర్లు వేసేస్తుంది, మీ జాబితాలో అవి చిందరవందరగా కనిపిస్తాయి.

ఇంట్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఉచితంగా వేసుకుని, మీకు తెలిసిన లెక్కలతోనే సాధన చేయండి. వారంపాటు బజారులో వంజరం, చందువ, రొయ్య ధరలు తేదీలతో రాసుకుని టేబుల్ చేయండి. ఒక్కో రకానికి ఎక్కువ ధర పలికిన రోజు తీయండి. ధరను డెస్క్ క్రమంలో పెట్టి, రకం మీద ‘పార్టిషన్ బై’ పెడితే రకం మారినప్పుడల్లా నంబరు మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. ఆ 1 ఉన్న వరసల్నే తీసుకోవాలి. దాన్ని నేరుగా వేర్‌లో (వరసల్ని వడకట్టే భాగంలో) రాస్తే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే నంబర్లు వేసేది వేర్ పని అయ్యాకే. లోపల ఒక క్వెరీ రాసి, బయట వడకట్టాలి. ఉద్యోగంలో చేరాక ‘ప్రతి కస్టమర్ చివరి బిల్లు’ లాంటివి తీయాల్సి వస్తే చేసేదీ ఇదే.

ఈ చేపల క్వెరీని స్క్రీన్ చూడకుండా కాగితం మీద రాయగలిగాక, మళ్లీ మధురవాడ బస్సెక్కండి.