పసి మనసు: మీ ప్రశ్నలు, మా జవాబులు

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. పిల్లల పేర్లు తీసేశాం.

మావాడికి ఎనిమిదేళ్లు. మూడు నెలల కింద మా వీధి మలుపులోనే కుక్క పిక్క పట్టేసింది. పుండు మానింది గానీ అప్పట్నుంచి ట్యూషన్‌కు నడిచిపోడు, స్కూటర్ మీద దించాల్సిందే. ఎక్కడో మొరుగుడు వినబడినా నా కొంగు పట్టేసుకుంటాడు. వాళ్ల నాయన "మగపిల్లోడివి, ఏందిరా ఇది" అని ఒకసారి కుక్క దగ్గరికి లాక్కుపోయినాడు. ఆపైన ఇంకా ఎక్కువైంది. ఏం చేసేది?
– ఒక తల్లి, తిరుపతి

ముందు ఒకటి చూసుకోండమ్మా. టీకాలన్నీ పడ్డాయా? కండకు వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28వ రోజుల్లో, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. పుండు మానిందని చివరి సూది ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. చీటీ తీసి చూడండి, ఒక్కటి తక్కువున్నా రేపే ఆసుపత్రికి పోండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత మాట ఎవరైనా వాడి చెవిన వేసి ఉంటే, అది ఇప్పుడు లేదని కూడా చెప్పండి. పిల్లలు ఇలాంటివి మనసులో పెట్టుకుని బయటికి చెప్పరు.

ఇక భయం సంగతి. స్కూటర్ ఎక్కగానే వాడికి గుండె కుదుటపడుతుంది. ఆ నిమ్మళమే వాడికి పాఠం నేర్పుతోంది: "స్కూటర్ ఉంది కాబట్టి బతికాను." రోజూ తప్పించుకుంటూ పోతే కుక్క రోజురోజుకూ పెద్దదవుతుంది. అలాగని వాళ్ల నాయన చేసినట్టు లాక్కుపోతే, భయం తారస్థాయిలో ఉండగా వాడు విడిపించుకుని పరిగెత్తాడు కాబట్టి మళ్లీ అదే పాఠం. మధ్యలో ఒక దారి ఉంది. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మూడేళ్లు నిండని పీటర్ అనే పిల్లాడికి కుందేలంటే ఉన్న భయాన్ని పోగొట్టింది. వాడు ఇష్టమైన తిండి తింటుండగా కుందేలును రోజుకు కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చింది. ఇవాళ్టికీ పని చేసే పద్ధతి ఇదే.

పది చింతగింజలు తీసుకోండి. "ఇప్పుడెంత భయం?" అంటే మాటల్లో చెప్పలేడు గానీ గింజలు తీసి చూపిస్తాడు. ఏడు పెడితే ఏడు, రెండు పెడితే రెండు. "అంత భయం ఎందుకురా" అని మాత్రం అనకండి, ఆ తర్వాత నిజం పెట్టడు.

ఇద్దరూ కూర్చుని మెట్లు రాయండి. సుమారుగా ఇట్లా ఉంటాయి: కుక్క బొమ్మలు చూడటం, ఫోన్లో శబ్దం లేకుండా కుక్క వీడియో, తర్వాత శబ్దంతో, మిద్దె మీద నుంచి వీధికుక్కల్ని చూడటం, తెలిసినవాళ్లింట్లో గొలుసుతో కట్టేసిన కుక్కకు 30 అడుగుల దూరంలో నిలబడటం, తర్వాత 15, తర్వాత 6, ఆ కుక్క యజమాని పక్కన నడవటం, చివరికి మీరు పదడుగులు వెనక ఉండగా వాడు ట్యూషన్ దారిలో నడవటం. ఆ కుక్క టీకాలు వేసిన, వయసు మళ్లిన, నెమ్మదైన కుక్క అయ్యుండాలి. కుక్కపిల్ల వద్దు, మీదికి దూకుతుంది. వీధికుక్కతో అసలే చేయకండి.

ఒక్కో మెట్టు మీద 20 నుంచి 30 నిమిషాలు ఉండాలి. గింజలు మొదట పెట్టినదాంట్లో సగానికి దిగాకే అక్కడి నుంచి కదలాలి. అదే మెట్టు మరుసటి రోజు మళ్లీ చేయండి. మొదట్లోనే మూడు గింజలే పెట్టిన రోజున పై మెట్టు ఎక్కండి. వారానికి నాలుగైదు రోజులు చేస్తే చాలా మంది పిల్లల్లో ఆరేడు వారాల్లో తేడా తెలుస్తుంది. ఆదివారం ఒక్కరోజే చేస్తే ప్రతి ఆదివారం మొదటికొస్తుంది.

చెడేది ఎక్కడంటే, ఏడుపు మొదలవగానే ఎత్తుకుని ఇంటికి రావడం దగ్గర. ఆ మెట్టు కష్టమైతే ఇంటికి రావొద్దు. ఒక మెట్టు కిందికి దిగి, అక్కడ గింజలు తగ్గేదాకా ఉండి, అప్పుడు రండి. ఇంకోటి, చేతికి ఫోనిచ్చి కుక్క దగ్గర నిలబెట్టడం. వాడు కుక్కను చూడకపోతే నేర్చుకునేదేమీ లేదు. "ఏం కాదు, ఏం కాదు" అని పదిసార్లు అనడమూ అంతే. ఒక్కసారి "భయంగా ఉంది కదా, నేనిక్కడే ఉన్నా" అనండి, చాలు.

వాడి భయంలో కొంత న్యాయముంది, ఆ కుక్క నిజంగానే కరిచింది. అందుకే వీధికుక్కను ముట్టుకోవడం మన గమ్యం కాకూడదు. దారిలో క్షేమంగా నడవడం నేర్పండి: పరిగెత్తొద్దు, కళ్లలోకి చూడొద్దు, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని చెట్టులా నిలబడాలి, తింటున్న కుక్కనూ పిల్లలున్న తల్లికుక్కనూ కదిలించొద్దు. కిందపడితే మోకాళ్లు పొట్టకు ముడుచుకుని, చేతులతో మెడా చెవులూ కప్పుకోవాలి. ఇది ఇంట్లో చాప మీద ఆటలాగా పదిసార్లు చేయించండి. ఇంకెప్పుడైనా పన్ను తగిలితే ముందు సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాతే ఆసుపత్రి.

రాత్రిళ్లు అదే కల వస్తూ ఉలిక్కిపడి లేస్తున్నా, ఆరు వారాలకూ కదలిక లేకపోయినా రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా డబ్బులు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మా పాపకు నాలుగున్నరేళ్లు. పోయిన మే నెల గంగమ్మ జాతరలో మొహమంతా కుంకుమ పూసుకున్న బండ వేషం చూసి కేకలు పెట్టింది. ఇప్పుడు కుంకుమ భరిణె చూసినా వెనక్కిపోతుంది. ఈసారి జాతరకు తీసుకుపోవాలా, వద్దా?
– తాతయ్యగుంట దగ్గరి నుంచి ఒక తండ్రి

ఆ వయసు పిల్లలకు మొహం మారితే మనిషే మారిపోయినట్టు. లోపల ఉన్నది పక్కింటి మామేనని మనకు తెలుసు, తనకు తెలియదు. ఇంకో ఏడాది రెండేళ్లలో ఇది చాలావరకు తనంతట తనే సర్దుకుంటుంది.

ఈలోగా ఇంట్లో చేయదగ్గది ఒకటుంది. మార్పు జరుగుతుండగా తన కళ్లతో చూడాలి. పళ్లెంలో కొంచెం కుంకుమ, పక్కన ఒక గిన్నె నీళ్లు పెట్టుకుని కూర్చోండి. మీ వేలి కొన మీద చుక్క పెట్టి కడిగేయండి. తర్వాత తననే మీ అరచేతిలో చుక్క పెట్టమనండి, కడగడమూ తనే కడగాలి. రెండు రోజులాగి మీ చెంప మీద, ఆ తర్వాత మీ నుదుటంతా. ప్రతిసారీ మాట్లాడుతూనే ఉండండి, మీ గొంతు ఆగకూడదు. పూసేదీ తుడిచేదీ తన చెయ్యే అయినప్పుడు ఆ ఎరుపు తన మాట వింటుంది. కళ్లలో పడకుండా చూసుకోండి. తన ఒంటికి మాత్రం తనంతట అడిగేదాకా పూయొద్దు.

జాతరకు తీసుకుపోండి, కానీ జనం తక్కువుండే పొద్దున పూట, ఒక అరగంట. భుజాల మీద ఎక్కించుకుంటే వేషగాళ్ల మొహాలు సరిగ్గా తన మొహానికి ఎదురొస్తాయి, నడుము మీద ఎత్తుకోండి. తెలిసినవాళ్లెవరైనా వేషం కడుతుంటే, కట్టుకునేటప్పుడే తీసుకెళ్లి చూపించగలిగితే మరీ మంచిది. "అల్లరి చేస్తే వేషమోళ్లకు పట్టిస్తా" అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. చాలా ఇళ్లల్లో భయం మొదలయ్యేదే ఆ మాట దగ్గర.

మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండు నెలల కింద టైప్ 1 షుగర్ అని తేలింది. రోజుకు నాలుగు సూదులు. ప్రతి పూటా ఏడుపు, తలుపు వేసుకోవడం. మా అత్తగారు "ఈ పూటకు వదిలేయండి పాపం" అంటారు.
– చిత్తూరు

ఏ పూటా వదలకూడదు. పెద్దావిడకు కూడా ఇది ఓపిగ్గా చెప్పాలి. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం లేదు, బయటి నుంచి అందకపోతే రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి గబగబా లోతుగా తీయడం, నోటి నుంచి పండ్ల వాసన కనిపిస్తే అది ఇంట్లో చూసుకునేది కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సూది తప్పదు, కానీ సూది చుట్టూ ఉన్నవన్నీ తన చేతిలో పెట్టొచ్చు. పొట్టా, తొడా? కుడా, ఎడమా? ఒకటి రెండు మూడు ఎవరు లెక్కపెట్టాలి? ఇవి తన ఇష్టం. "వేసుకుందామా?" అని మాత్రం అడగకండి, వద్దనే జవాబుకు చోటు లేనప్పుడు ఆ ప్రశ్న మోసమవుతుంది. "ఇంకో పది నిమిషాలు" బేరం కూడా వద్దు, ఆ పది నిమిషాలూ తను పడేది సూదికంటే పెద్ద బాధ. ఇన్సులిన్ పెన్ను వేరే గదిలో సిద్ధం చేసుకుని రండి. కూర్చున్నాక ఒక నిమిషంలో అయిపోవాలి.

నొప్పి తగ్గించే మార్గాలున్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ చల్లగా ఉంటే మండుతుంది, అరగంట ముందు బయట పెట్టండి. సూది 4 మిల్లీమీటర్లది అడగండి, పిల్లలకు అది సరిపోతుంది. ప్రతిసారీ కొత్త సూది వాడండి, వాడిన సూది మొన మొద్దుబారుతుంది. స్పిరిట్ తుడిస్తే పూర్తిగా ఆరనివ్వండి. నిటారుగా దించి, బటన్ నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి తీయండి. ముందటి చోటుకు కనీసం వేలి వెడల్పంత ఎడం ఉండాలి. నొప్పి లేదని పిల్లలు ఒకే చోట పొడిపించుకుంటారు, అక్కడ కొవ్వు గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా ఎక్కదు, షుగర్ ఎందుకు పెరిగిందో ఎవరికీ అంతుపట్టదు.

ఏడవకుండా తెల్లబోయి కూలబడే పిల్లలు వేరే రకం. వాళ్లకు సూది చూడగానే బీపీ పడిపోతుంది. అలాంటప్పుడు సూది వేయని కాళ్లూ చేతులూ పది, పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, మొహం వెచ్చబడ్డాక వదిలి, అరనిమిషం ఆగి మళ్లీ బిగించాలి. ఇట్లా ఐదుసార్లు.

బడిలో టీచరుకు రాసిచ్చి పెట్టండి: చెమటలు, వణుకు, ఉన్నట్టుండి చిరాకు వస్తే షుగర్ పడిందేమో చూడాలి. 70 కంటే తక్కువుంటే రెండు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు.

తనకు ఒక సంగతి చెప్పండి. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ వేయించుకున్నది లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడే. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాది రెండేళ్లకు మించి బతకడం అరుదు. ఆ అబ్బాయి ఇంకో పదమూడేళ్లు బతికాడు, అదీ ఆనాటి మోటు మందుతో.

మా పిల్లోడికి పదేళ్లు, ఇంకా పక్క తడుపుతాడు. జూన్‌లో గురుకులంలో చేర్చాలి. "నేను పోను" అంటాడు గానీ ఎందుకో చెప్పడు. మాకు తెలుసు.
– పలమనేరు

మీకు తెలుసని వాడికీ తెలియనివ్వండి. ఐదేళ్ల వయసులో వందమందిలో పదిహేను మంది దాకా, పదేళ్లకు వందలో ఐదుగురు పక్క తడుపుతారు. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇంకొకడు కూడా ఉండొచ్చు. వాళ్ల నాయనకు గానీ మేనమామకు గానీ చిన్నప్పుడు ఇదే ఉండి ఉంటే, ఆయన నోటితోనే చెప్పించండి. కొట్టినా, దుప్పటి అందరి ముందూ ఆరేసినా ఆగదు, నిద్రలో జరిగేది వాడి చేతిలో లేదు.

మొదట డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. ఆరునెలలు పొడిగా ఉండి మళ్లీ మొదలైతే, దాహం ఎక్కువైతే, షుగర్ సంగతి కూడా చూడాలి. మలబద్ధకం ఉందేమో తప్పక కనుక్కోండి. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. అది సరిచేస్తేనే ఆగిపోయిన పిల్లలున్నారు. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని పొద్దంతా నీళ్లు తాగకుండా, సాయంత్రం వచ్చి చెంబుడు తాగే అలవాటుంటే తిప్పేయండి: ఎక్కువ భాగం సాయంత్రం ఐదులోపు, తర్వాత కొద్దిగా. పొద్దంతా ఐదారుసార్లు, పడుకోబోయే ముందు ఒకసారి మూత్రానికి పోవాలి.

జూన్‌కు మూడు నెలల పైన సమయముంటే తడి తగలగానే మోగే అలారం అన్నింటికంటే మేలు. కానీ మొదటి వారాల్లో అలారానికి ఇల్లంతా లేస్తుంది, వాడు తప్ప. మీరు లేచి వాడిని పూర్తిగా మేలుకొలిపి, మరుగుదొడ్డి దాకా నడిపించాలి. ఇది చేయలేక మూడో వారంలో మూలన పడేస్తారు. వరసగా 14 రాత్రులు పొడిగా ఉండేదాకా వాడాలి. సమయం తక్కువుంటే డాక్టరు రాత్రి మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ మాత్ర రాయొచ్చు. అది వేసుకునే గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటలు గడిచేదాకా నీళ్లు దాదాపు తాగకూడదు, లేదంటే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. ఆ జాగ్రత్త హాస్టల్లో చూసుకునేవాళ్లు ఉంటేనే మందు పంపండి. వార్డెన్‌తో విడిగా మాట్లాడి, కింది మంచం, మరుగుదొడ్డికి దగ్గర చోటు అడగండి. పెట్టెలో రెండు జతల నిక్కర్లు, ఒక రబ్బరు షీటు, మూత బిగుసుకునే సంచీ అదనంగా పెట్టండి.

నా భర్త రోడ్డు ప్రమాదంలో పోయి రెండు నెలలైంది. ఏడేళ్ల బాబుకు "నాయన ఊరికి పోయినాడు" అని చెప్పినాం. ఇప్పుడు నేను పనికి బయల్దేరితే చీర వదలడు.
– శ్రీకాళహస్తి

ఊరికి పోయినవాళ్లు తిరిగి రాకపోవడం వాడు చూశాడు, అందుకే మిమ్మల్ని పోనివ్వడం లేదు. ఇవాళే నిజం చెప్పండమ్మా. పక్కన కూర్చోబెట్టుకుని చిన్న మాటల్లో చెప్పండి: "నాయనకు బండి గుద్దింది. ఒంటికి చాలా దెబ్బలు తగిలి చనిపోయినాడు. ఇక రాడు. ముందే చెప్పకపోవడం నా తప్పు." "నిద్రపోయాడు" అనొద్దు, వాడు నిద్రకు భయపడతాడు. ఏడుపొస్తే ఏడవండి, వాడూ ఏడవనీ.

ఆ వయసు పిల్లల లోపల మూడు ప్రశ్నలుంటాయి, అడిగినా అడగకపోయినా. నా వల్ల జరిగిందా? నువ్వూ చచ్చిపోతావా? నన్నెవరు చూస్తారు? మొదటిదానికి "నీ వల్ల కాదు" అని సూటిగా చెప్పండి. రెండోదానికి "నేను చాలా ఏళ్లు బతుకుతాననుకుంటున్నా, జాగ్రత్తగా ఉంటా" అనండి. మూడోదానికి పేర్లు చెప్పండి: అవ్వ, మామ, ఎవరుంటే వాళ్లు. పనికి పోయేటప్పుడు చెప్పకుండా జారుకోకండి. గడియారంలో ముల్లు ఎక్కడికొస్తే వస్తారో చూపించి, ఆ వేళకు తప్పకుండా రండి.

బడికి పోకపోయినా, తిండి మానేసినా, "నేనూ నాయన దగ్గరికి పోతా" అన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి, పైన చెప్పిన 14416కు ఫోన్ చేయండి. మిగతా రోజుల్లో వాడు కాసేపు ఏడ్చి వెంటనే గోలీలాటకు పోతాడు, ఆ తర్వాత వచ్చి చెప్పిందే మళ్లీ అడుగుతాడు. ఎన్నిసార్లు అడిగినా అవే మాటలతో చెప్పండి.