రేస్ కారుకు తేలికపాటి అద్దాలు, బాడీ ప్యానెళ్లు: ముందు ఏవి మార్చాలి?

పాత హ్యాచ్‌బ్యాక్‌ను సర్క్యూట్ రేసులకు తయారు చేస్తున్నానని, రోల్ కేజ్ (బోల్తా పడినా డ్రైవర్‌ను కాపాడే లోపలి ఉక్కు పైపుల చట్రం) పని అయిపోయిందని రాశారు. బరువు తగ్గించడానికి కార్బన్ ఫైబర్ బానెట్ ముందు కొనాలా, ప్లాస్టిక్ అద్దాలు ముందు వేయించాలా అన్నది మీ ప్రశ్న. మిత్రులతో కలిసి ఇలాంటి కారునే తయారు చేసుకుని నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నా: మొదట అద్దాలు, తర్వాత డిక్కీ డోరు, ఆ తర్వాతే బానెట్. కార్బన్ గురించి అన్నిటికన్నా చివర ఆలోచించండి. చూడటానికి బాగుంటుంది కదా అని చాలామంది అక్కడే మొదలుపెడతారు.

లెక్క చూడండి. 4 మి.మీ. మందం గాజు చదరపు మీటరుకు దాదాపు 10 కిలోలు. 3 మి.మీ. పాలీకార్బొనేట్ (అద్దాలకు వాడే గట్టి ప్లాస్టిక్) అయితే 3.6 కిలోలే. పైగా ఆ బరువు కారులో బాగా పైన ఉంటుంది. అక్కడ తగ్గిన ప్రతి కిలోకూ గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, మలుపుల్లో బండి ఒరగడం తగ్గుతుంది. డోర్ల అద్దాలతో పాటు వాటిని ఎత్తి దించే మోటార్లు, పట్టాలు, వైర్లు కూడా బయటికి వచ్చేస్తాయి. డోరు లోపల ఇంత ఇనుము ఉందా అని ఆశ్చర్యపోతారు.

అయితే షీటు కొనే ముందు మీరు పాల్గొనే రేస్ సిరీస్ రూల్ బుక్ తెరవండి. ముందు అద్దం లామినేటెడ్ గాజే (మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న గాజు) ఉండాలని చాలాచోట్ల నిబంధన ఉంటుంది. పాలీకార్బొనేట్‌కు అనుమతి ఉన్నా కనీస మందం ఎంతో రాసి ఉంటుంది. మేం ముందు అద్దం ముట్టుకోలేదు. వైపర్ తిరిగిన ప్రతిసారీ దుమ్ము ప్లాస్టిక్‌ను గీస్తుంది, ఎదురెండలో ఆ గీతలన్నీ మెరిసి దారి కనపడదు. గమ్‌తో అతికించిన గాజు బాడీ బిగువుకు కూడా ఎంతో కొంత సాయపడుతుంది. ఇంకో సంగతి, ప్రమాదం జరిగితే సహాయక సిబ్బంది పాలీకార్బొనేట్‌ను సుత్తితో పగలగొట్టలేరు. డ్రైవర్ పక్క కిటికీకి అద్దం ఉంచాలో, నెట్ కట్టాలో రూల్ బుక్‌లో చూసుకుని తేల్చుకోండి.

షాపులో అక్రిలిక్ అనే ఇంకో పారదర్శక ప్లాస్టిక్, పాలీకార్బొనేట్ పక్కపక్కనే ఉంటే తేడా కనిపెట్టడం కష్టం. అక్రిలిక్ మాత్రం వద్దే వద్దు, దెబ్బ తగిలితే పదునైన ముక్కలైపోతుంది. అనుమానం ఉంటే ఒక సన్నటి కోతముక్క అడిగి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, పట్టకారుతో వంచండి. అక్రిలిక్ టక్కున విరుగుతుంది. పాలీకార్బొనేట్ మడత పడుతుందే తప్ప విరగదు. గీతలు పడకుండా గట్టి పూత వేసిన రకం దొరికితే అదే తీసుకోండి, కాకపోతే దాన్ని ఎక్కువ వంచలేం. పూత లేనిదాన్ని కూడా వేడి చేయకుండా వంచేటప్పుడు వంపు వ్యాసార్ధం మందానికి 100 రెట్ల కన్నా తగ్గకూడదు, అంటే 3 మి.మీ. షీటుకు 300 మి.మీ. వెనక అద్దం రెండు దిశల్లో వంపు తిరిగినదైతే మౌల్డ్‌లో తయారైనదే కొనండి. ఇంట్లో హీట్ గన్ ప్రయోగాలు వద్దు. షీటు గాల్లోని తేమ పీల్చుకుని ఉంటుంది, ముందు దాన్ని ఆరబెట్టకుండా వేడి చేస్తే లోపల బుడగలు లేస్తాయి.

అసలు పని బిగించడంలో ఉంది. పాలీకార్బొనేట్ వేడికి ఉక్కు కన్నా ఐదారు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. మీటరు పొడవు అద్దం 40 డిగ్రీల తేడాకు రెండున్నర మి.మీ. పెరుగుతుంది, దాన్ని పట్టుకున్న రేకు అర మి.మీ. మాత్రమే. బోల్టుకు సరిగ్గా సరిపోయే రంధ్రం వేస్తే ఆ తేడాకు చోటుండదు, అద్దం ఉబ్బుతుంది లేదా రంధ్రం దగ్గర చీలుతుంది. మేం 5 మి.మీ. బోల్టుకు 8 మి.మీ. రంధ్రం వేసి, రెండు వైపులా రబ్బరు వాషరు, పైన వెడల్పాటి వాషరు పెట్టి, వాషరు వేలితో తిప్పితే కొంచెం కదిలేంత వరకే నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి, వదులుగా ఉన్నా ఊడని నట్టు) బిగిస్తాం. తల లోపలికి దిగే స్క్రూలు వాడకండి, అవి రంధ్రాన్ని చీలిక పెట్టినట్టు విడదీస్తాయి. కోసిన అంచులనూ రంధ్రాల అంచులనూ ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దండి, పగులు ఎప్పుడూ గరుకు అంచు నుంచే మొదలవుతుంది.

రసాయనాలతో ఇంకా జాగ్రత్త. నట్లు ఊడకుండా వేసే లాకింగ్ ద్రవం, బ్రేక్ క్లీనర్, థిన్నర్, పెట్రోలు, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, ఇవేవీ పాలీకార్బొనేట్ దగ్గరికి రానివ్వకండి. పక్క పిట్‌లో ఒక కారు చూశాను, చక్రం దగ్గర కొట్టిన బ్రేక్ క్లీనర్ వెనక పక్కన ఉండే చిన్న క్వార్టర్ అద్దం మీద పడింది. కాసేపటికే ప్రతి బోల్టు చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు సాలెగూడులా పాకాయి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

ఇక ప్యానెళ్లు. ఢీకొట్టుకునే చోట్లకు, అంటే బంపర్లకూ ఫెండర్లకూ, ఫైబర్‌గ్లాసే నా ఓటు. చిరిగితే రాత్రికి రాత్రి మ్యాట్ (గాజు పీచు గుడ్డ), రెసిన్ (గట్టిపడే జిగురు) వేసి పొద్దున మళ్లీ ట్రాక్ మీదికి పంపొచ్చు. కార్బన్ విరిగితే సూదుల్లాంటి ముక్కలు ట్రాక్ మీద పడి ఇతరుల టైర్లు కోస్తాయి, అతుకు పని కూడా అంత సులువు కాదు. కార్బన్ బానెట్ కొనాలనే ఉంటే తూకం వేయించి కొనండి. బజారులో దొరికేవి కొన్ని లోపలంతా ఫైబర్‌గ్లాస్, పైన ఒక్క పొర కార్బన్ గుడ్డ. ఒకచోట అలాంటిది చేత్తో ఎత్తి చూశాను, రేకు బానెట్‌కూ దానికీ పెద్ద తేడా తెలియలేదు. మీ కారుకు కంపెనీ బానెట్టే అల్యూమినియమైతే ఈ ఖర్చే అనవసరం.

ఒంటి పొర బానెట్ వేగంలో తపతపలాడుతుంది, అడుగున పక్కటెముకలు లేదా ఫోమ్ పొర ఉన్నది అడగండి. బానెట్ వెనక అంచు, ముందు అద్దం మొదలు కలిసే చోట గాలి ఒత్తిడి ఎక్కువ. ఇంజిన్ గదిలోంచి కూడా గాలి పైకి తోస్తుంది. అందుకే కీళ్లు తీసేస్తే నాలుగు మూలలా బానెట్‌ను పట్టి ఉంచే పిన్నులు, ప్రతి పిన్ను కింద వెడల్పాటి రేకు పట్టీ తప్పనిసరి. డోర్ల సంగతి వేరు. లోపలి రక్షణ బీములు కోయడానికి కేజ్‌లో డోర్ బార్లు ఉండాలి, రూల్ బుక్ కూడా ఒప్పుకోవాలి. లేకపోతే అద్దం, మోటారు తీసి అక్కడితో ఆగండి.

మీ క్లాసుకు కనీస బరువు ఉన్నా ఈ పని వృథా కాదు. పైన తీసేసిన కిలోలను బ్యాలస్ట్‌గా (కనీస బరువు కోసం చేర్చే దిమ్మలుగా) ఫ్లోరు మీద, నిబంధన చెప్పిన పద్ధతిలో బోల్టు చేసుకోవచ్చు. అన్నీ మార్చాక స్ప్రింగుల మీద భారం తగ్గి కారు కాస్త పైకి లేస్తుంది. రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) మళ్లీ సరిచేసి, డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి నాలుగు చక్రాల్లో ఒక్కోదాని మీద పడే బరువు చూసుకున్నాకే అలైన్‌మెంట్ చేయించండి.