నూట పదహారును చదవడం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఒక పూర్ణ సంఖ్య లక్షణాలపై వ్యాసం రాయాలనీ, అందుకు రామానుజన్ పేరుతో ముడిపడిన 1729ని అనుకుంటున్నాననీ రాశావు. అది గొప్ప సంఖ్యే గాని, దాని కథ ముందే తెలిసిపోయినందువల్ల నీ చేతి లెక్కకు పని తగ్గుతుంది. మన పెళ్ళిళ్ళ చదివింపుల్లో వినిపించే 116ని తీసుకో.

ముందుగా కారణాంకాలు రాయి: 116 = 2 × 2 × 29. 29 ప్రధాన సంఖ్య అని ఎవరైనా చెప్పినంత మాత్రాన ఒప్పుకోకు. 2, 3, 5లతో భాగించి చూస్తే చాలు, ఎందుకంటే 7 వర్గమైన 49 అప్పటికే 29ని దాటిపోయింది. భాజకాలన్నిటినీ కూడితే 210 వస్తుంది. అది మొదటి నాలుగు ప్రధాన సంఖ్యల లబ్ధం కూడా కావడం ముచ్చటగా ఉంటుంది గాని, (1 + 2 + 4) × (1 + 29) అని విడదీసి రాసినప్పుడే అది ఎలా వచ్చిందో తెలుస్తుంది.

అంకెల మొత్తం 8 అని రాసి సంబరపడకు; అది మనం పదుల లెక్కన రాయడం వల్ల వచ్చిన గుణమే తప్ప సంఖ్యది కాదు.

1 నుంచి 116 వరకు ఉన్న సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలిపితే వచ్చే 191 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య. దీన్ని కంప్యూటర్‌తో తేల్చినదిగానే రాయి, నీ నిరూపణగా రాయకు. 2 నుంచి 116 దాకా ఏ సంఖ్యతో భాగించినా శేషం 1 వస్తుంది కాబట్టి అది ప్రధానమే అనుకోవడం పొరపాటు. 5 వరకు గుణించి 1 కలిపితే వచ్చే 121, 11కు వర్గం కదా!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వర్గాల సంగతి. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో తోటి పండితుడు మెర్సెన్‌కు రాసిన లేఖలో చెప్పగా, తరువాతి శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ దానిని నిరూపించాడు. 29 అటువంటిదే: 25 + 4. దానిని 4తో గుణిస్తే 100 + 16, అంటే 10 వర్గమూ 4 వర్గమూ. ఆ రెండు వర్గాలనే మన భాష "నూట పదహారు" అని విడదీసి పలుకుతోంది, చూశావా అమ్మా! 1 నుంచి 10 వరకు వర్గాలను ఒక్కొక్కటిగా తీసివేసి చూస్తే ఇంకో దారి లేదని నీకే తేలుతుంది. చదివింపుల్లోనే వినిపించే 516కూ 1116కూ ఈ భాగ్యం లేదు. 4తో భాగిస్తే శేషం 3 మిగిలే ప్రధాన కారణాంకం బేసిసార్లు వస్తే ఆ సంఖ్య రెండు వర్గాల మొత్తం కాజాలదు. 516లో 3, 43 ఒక్కొక్కసారి, 1116లో 31 ఒక్కసారి అడ్డుపడుతున్నాయి.

ఇప్పుడు 116, 216, 316 అంటూ 1016 వరకు పది సంఖ్యలను ఇదే విధంగా పరీక్షించి, ఏవి రెండు వర్గాలుగా విడిపోయాయో, ఎందుకో వచ్చే ఉత్తరంలో రాయి.

తాతయ్య